మలుపు తిరిగిన సన్నాయి

వెన్నెల మెడలో తాళి పడ్డప్పుడు పెళ్ళిపందిట్లో వినిపించింది వేళ్ళ చప్పుడొక్కటే. వచ్చినవాళ్ళంతా కుడిచేతి రెండు వేళ్ళతో ఎడమ అరచేతి మీద మెల్లగా తట్టారు. ఎండుటాకుల మీద తొలి చినుకులు రాలినట్టుంది. పిట్టలపాలెంలో చలికాలం పెళ్ళికి గట్టిమేళమంటే అదే.

దొరవారిసత్రంలో బస్సు దిగి, పులికాట్ వైపు ఆటోలో వెళితే వస్తుంది ఆ ఊరు. ఊరికి తూర్పున చెరువు. చెరువు నీళ్ళలో నడుం లోతున నిలబడ్డ కడప చెట్లు, ఆ చెట్ల నిండా, ముక్కు కింద సంచీ వేలాడే గూడబాతుల గూళ్ళు. అవి వచ్చి దిగిన రోజు మొదలు, పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఊళ్ళో టపాకాయ పేలదు, మైకు మోగదు, డోలు పలకదు. అడిగితే, "కానుపుకి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు అవి. బాలింతల పక్కన మేళం కొడతారా ఎవురన్నా?" అంటారు.

అటు చూస్తే వెన్నెల పుట్టిల్లు కావలిలో పేరున్న మేళగాళ్ళ ఇల్లు. తాత మస్తానయ్య సన్నాయి వినపడితే గానీ ఆ చుట్టుపక్కల పెళ్ళికొడుకు పీటల మీద కూర్చునేవాడు కాదంటారు. పెళ్ళి మగపెళ్ళివారింట చేయడం రెండిళ్ళ ఆనవాయితీ, ముహూర్తమేమో మాఘమాసంలో కుదిరింది. ఊరందరి పిల్లలకీ ఊదిన మనిషి సొంత మనవరాలి పెళ్ళిలో గుడ్డసంచీలో ఉన్న సన్నాయిని ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తాళి కట్టే వేళకి ఆయన వేళ్ళు సంచీ మీదే కదులుతున్నాయి. పెళ్ళంతా నవ్వుతూనే ఉన్న వెన్నెల అది చూసి తల వంచుకుంది.

ఆ ఒక్కటీ పక్కన పెడితే కొత్తకాపురంలో ఆమెకి అన్నీ ముచ్చట్లే. అత్త కామాక్షమ్మ ఎండురొయ్యలు వేయిస్తుంటే పిల్లి కంటే ముందు తను వంటింట్లోకి చేరడం ఒక ముచ్చట. శుక్రవారం సాయంత్రం వీధిలో ఆటో ఆగిన చప్పుడుకి జడలో పూలు సర్దుకోవడం ఇంకో ముచ్చట. చెన్నై నుంచి దిగిన మొగుడు పెంచలకృష్ణ అందరి ముందూ "మంచినీళ్ళు" అని మాత్రమే అని, ఆ ఒక్క మాటలోనే వారం రోజుల కబుర్లూ దాచుకోవడం అన్నిటికంటే పెద్ద ముచ్చట.

అలాంటి రోజుల్లో తాత ఫోన్ చేశాడు.

"ముందు పళ్ళు నాలుగూ కదులుతుండాయి అమ్మణ్ణీ. మంగళారం నెల్లూరికి రమ్మన్నాడు డాక్టరు, పీకేస్తాడంట. కట్టుడు పళ్ళు పెడతాడంట."

"పెట్టించుకో తాతా. నొప్పి పోతుంది గదా."

"నొప్పి పోద్దిలే. కట్టుడు పళ్ళతో మురుకులు కొరకొచ్చు. సన్నాయి పీక పెదవుల మధ్య నిలబడాలంటే మాత్రం వెనక సొంత పళ్ళుండాల. పోనీలే, ఊదినకాడికి ఊదినాం. నీ పెళ్ళికొక్కటే బాకీ పడింది."

గూడబాతులు ఎగిరిపోవడానికి ఇంకా రెండు నెలలుంది. మంగళవారానికి వారం కూడా లేదు. ఆ రాత్రి ఫోన్‌లో మొగుడికి ఈ సంగతి చెప్పి వెన్నెల వెక్కివెక్కి ఏడ్చింది. పెంచలకృష్ణ అంతా విన్నాడు. చివరికి, "ఆదివారం తాతని రమ్మను. సన్నాయి కూడా తెమ్మను," అన్నాడు.

శుక్రవారం అతను రెండు గోతాలతో దిగాడు. గోతాల నిండా తెల్లటి ప్లాస్టిక్ దిమ్మెలు. ఒక్కోటి పిడికిలంత ఉంటుంది. చెన్నైలో అతను చేస్తున్న పరిశోధన వాటి మీదే. ఒక దిమ్మెను వెన్నెల కంటి దగ్గర పెట్టుకుని లోపలికి చూసింది. ఇటు పక్క సందు, అటు పక్క సందు, మధ్యలో జిలేబీ చుట్టలాంటి దారి.

"ఇదేందండీ, చీమలకి ఇల్లు కట్టినారా?"

"శబ్దానికి కట్టినా. ఒక దిమ్మెలో ఆ చుట్ట పొట్టి. పక్కదాంట్లో పొడుగు. ఆ పక్కదాంట్లో ఇంకా పొడుగు."

"అయితే?"

"జోడెద్దుల బండిని కుడికి ఎట్టా తిప్పుతారు?"

"కుడి పగ్గం లాగుతారు."

"లాగితే కుడి ఎద్దు నెమ్మదిస్తది, ఎడమ ఎద్దు ముందుకు పోతది, బండి కుడికి తిరుగుతది. ఇదీ అంతే. కుడి పక్క దిమ్మెల్లో దారి పొడుగు గనక అక్కడి శబ్దం వెనకబడుతుంది, ఎడమ పక్కది ముందుకు పోతుంది. అల మొత్తం కుడికి తిరుగుతుంది."

కావలిలో బీయస్సీ ఫిజిక్స్ చదివిన పిల్ల వెన్నెల. అలల గురించి పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసింది. కానీ శబ్దానికి పగ్గం వెయ్యొచ్చని ఏ పేజీలోనూ ఆమెకి తోచలేదు.

శనివారం ఇద్దరూ కలిసి ఆ దిమ్మెలను ఒక ఇనుప చట్రంలో పేర్చి, రెండు తలుపులంత గోడ నిలబెట్టారు. పెరట్లో ఉన్న పశువుల కొట్టం ఈ మధ్య ఖాళీగానే ఉంది. దానికి మూడు పక్కలా ఇంట్లోని పరుపులు, బొంతలు, అత్తవారు పెళ్ళికి కొన్న కొత్త పరుపుతో సహా, వేలాడదీశారు. నాలుగో పక్క చెరువు వైపు. అక్కడ ఈ తెల్ల గోడ. చెరువు వైపు తిన్నగా వెళ్ళవలసిన శబ్దం ఈ గోడ దాటేసరికి కుడికి తిరిగి, పెరటి మూలనున్న మునగచెట్టు మీదుగా ఉప్పునేలల వైపు పోవాలి. అటు గూళ్ళు లేవు, మనుషులూ లేరు.

పెంచలకృష్ణ కొట్టంలో చిన్న స్పీకరు పెట్టి పాట వేశాడు. వెన్నెల గోడకి ఎదురుగా, చెరువుకి వీపు పెట్టి నిలబడింది. ఎక్కడో పక్కవీధిలో రేడియో గొణిగినట్టు అనిపించింది, అంతే. తన ఎడమకి, మునగచెట్టు వైపు నడిచింది. ఏమీ లేదు. ఇంకో రెండడుగులు వేసింది. పాట మొహాన గుప్పుమంది.

ఆమె వెనక్కి అడుగేసింది. పోయింది. ముందుకు వేసింది. వచ్చింది. నీడకీ ఎండకీ మధ్య అంచు ఉన్నట్టు, పాటకీ అంచు ఉంది. తల ఒక్కటే ముందుకు వంచితే తలకి మాత్రమే పాట తగులుతోంది. కనపడని కాలువ ఒకటి తన పెరట్లోంచి పారుతున్నట్టు, దాన్లో మొహం కడుక్కుంటున్నట్టు ఉంది ఆమెకి. వానలో తడిసే పిల్లలా లోపలికీ బయటికీ గంతులు వేసింది.

"చాల్లే, అమ్మ చూస్తా ఉంది," అన్నాడు పెంచలకృష్ణ నవ్వాపుకుంటూ.

"చూడనీండి. ఆమెని కూడా పిలవండి."

కానీ వచ్చింది అత్తగారు కాదు, పేరమ్మ. చెరువులోని పిట్టలకు కాపు కాయడం ఏడాదికొక ఇంటి వంతు. ఈ ఏడు పేరమ్మది. మనిషి పొట్టి, మాట పొడుగు. భుజం మీద ఎర్ర తువ్వాలతో రోజంతా చెరువు గట్టునే ఉంటుంది.

"ఏందబ్బయ్యా, కరెంటు కోత చాల్లేదని సద్దుకి కూడా కోత పెడతుండావంట?"

"కోత కాదు పెద్దమ్మా. మళ్ళింపు."

"కాలవకి మళ్ళింపు విన్నా గానీ సద్దుకి మళ్ళింపేంది?"

వెన్నెల ఆమె చెయ్యి పట్టుకుని ఆ అంచు దాకా నడిపించి, ఒక్కడుగు ముందుకు వేయించింది. పేరమ్మ ఉలిక్కిపడి వెనక్కి వచ్చింది. మళ్ళీ తనంతట తానే ముందుకు వెళ్ళి చూసింది. గోడ దగ్గరికి వచ్చి ఒక దిమ్మెని గోటితో గీకింది.

"దెయ్యం పట్టిన తలుపు మాదిరుందే."

తాత పళ్ళ సంగతి, మంగళవారం సంగతి వెన్నెల ఆమెకి చెప్పింది. పేరమ్మ భుజం మీది తువ్వాల సర్దుకుంది.

"రేపు నేను గట్టున నిలబడతా. ఒక్క పిట్ట లేచినా తువ్వాల ఊపుతా. ఊపినాక ఇంక ఒక్క ఊపిరి కూడా ఊదకూడదు. తల్లి లేస్తే గద్ద దిగుద్ది, పిల్ల దక్కదు. నీ ముచ్చట నీకెంతో, దాని పిల్ల దానికంత."

ఆదివారం పొద్దున మస్తానయ్య వచ్చాడు. పై పెదవి వాచి ఉంది. వేడి కాఫీ వద్దని చల్లార్చుకుని తాగాడు. కొట్టంలోకి వెళ్ళి చుట్టూ పరుపుల్ని, ఎదురుగా తెల్ల గోడనీ చూశాడు.

"దేవుడి రథం ముందు ఊదినా, కలెక్టరు ముందు ఊదినా. తలుపు ముందు ఊదేది ఇదే మొదలు. డోలు ఉండదా అల్లుడా?"

"డోలు అల చానా పెద్దది తాతా. ఈ దిమ్మెలకి లొంగదు. సన్నాయి ఒక్కటే. ఇంకోటి, మీరు ఈ పీట మీద నుంచి లేవకూడదు, సన్నాయి పక్కకి తిప్పకూడదు. నేరుగా గోడకే ఊదాల."

"సరే నాయనా. నువ్వు చెప్పినట్టే."

వెన్నెల పెళ్ళిచీర కట్టుకుని మునగచెట్టు కింద పీట మీద కూర్చుంది. అక్కడి నుంచి చూస్తే చెరువు గట్టు మీద పేరమ్మ ఎర్ర తువ్వాల కనపడుతోంది. కొట్టం లోపల ఉన్న తాత మాత్రం కనపడడు. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుండగానే సన్నాయి పలికింది.

ఆ శబ్దం కొట్టం నుంచి వస్తున్నట్టు లేదు. గాలిలోనే, తన ఎదుట, ఎవరో నిలబడి ఊదుతున్నట్టుంది. మునగపూలు రాలుతున్నాయి. చిన్నప్పుడు తాత ఒళ్ళో పడుకుని విన్న ఊపిరి అదే, స్వరానికీ స్వరానికీ మధ్య ఆయన ముక్కుతో గాలి లాక్కునే చిన్న సవ్వడితో సహా. చేటలో కందిపప్పు పట్టుకుని పెరట్లోకి వచ్చిన కామాక్షమ్మ ఆ కాలువలోకి తెలియకుండా అడుగు పెట్టి, ఆగిపోయింది. పప్పు చేటలోనే ఉంది, చేతులు కదలడం లేదు. చెరువు మీద ఒక్క రెక్క లేవలేదు.

ఉన్నట్టుండి సన్నాయి గొంతు మారింది. వెన్నెల తలెత్తి చూసింది. తాత గోడ పక్క నుంచి బయటికి వచ్చేశాడు. ఊదుతూనే, కళ్ళు అరమోడ్చి, ఆమె వైపు నడుస్తున్నాడు. వెనకాల పెంచలకృష్ణ చేతులు ఊపుతూ పరుగెత్తుకొస్తున్నాడు. సన్నాయి నోరు వెన్నెల వైపు ఉన్నా దాని గొంతు మాత్రం ఊరంతటి వైపూ ఉంది.

చెరువు ఒక్కసారిగా లేచింది. కడప చెట్లన్నీ తెల్లగా విచ్చుకున్నట్టు, వందల రెక్కలు గాలిని కొట్టాయి. ఎర్ర తువ్వాల పిచ్చిగా ఊగింది.

తాత ఆపేశాడు. ఎత్తున ఒక గద్ద గుండ్రంగా తిరుగుతోంది. వెన్నెల పీట మీద నుంచి లేచి, పెళ్ళిచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది. అది రెండు చుట్లు తిరిగింది. కిందికి దిగింది. అప్పటికే ఒక గూడబాతు తిరిగి వచ్చి గూటి మీద బరువుగా వాలింది, తర్వాత ఇంకోటి, తర్వాత పది. గద్ద ఉప్పునేలల వైపు సాగిపోయింది.

పేరమ్మ గట్టు దిగి వచ్చింది. తిన్నగా తాత దగ్గరికి వెళ్ళి సన్నాయి తీసుకుని చంకలో పెట్టుకుంది.

"వద్దు తాతా," అంది వెన్నెల. "విన్నంతవరకు చాలు. నా వల్ల ఏ పిల్లన్నా పోయుంటే..."

"తప్పు నాది అమ్మణ్ణీ."

"అసలెందుకు లేచినావు పెద్దాయనా?" అంది పేరమ్మ. "అబ్బయ్య అన్నిసార్లు చెప్పినాడే, చెవులు కూడా పీకించుకోవాల్నా?"

మస్తానయ్య కొట్టం వైపు చూపించాడు. "అది తలుపు తల్లీ. పెళ్ళికూతురు ఒక పక్క, నా మొహం ఒక పక్క. మా నాయన నా చేతికి సన్నాయి ఇచ్చేటప్పుడు ఒకటే చెప్పినాడు. మేళగాడు పెళ్ళికూతురి మొహం చూస్తా ఊదాల, మొహం తిప్పుకుని ఊదితే అది చావుమేళం అని. పాట ఎత్తుకున్నాక ఇంక నాకు తెలవలా. కాళ్ళే లేచినాయి."

పెంచలకృష్ణ నుదురు కొట్టుకున్నాడు. "పాటకి దారి వేసినా గానీ ఆయన చూపుకి వెయ్యలేదు."

ఆ మాట వినగానే వెన్నెల ఇంట్లోకి పరుగెత్తింది. మామగారు గడ్డం గీసుకునే గుండ్రటి అద్దంతో తిరిగి వచ్చింది. "మీరు పాటని వంచినారు గదా. చూపుని వంచేదానికి ఇది చాలదా?"

"అద్దం కూడా శబ్దాన్ని తిప్పి కొడుతుంది వెన్నెలా," అని ఆగాడు అతను. అద్దాన్ని చేత్తో కొలిచాడు. మొహం మెల్లగా వెలిగింది. "లేదు. సన్నాయి అల పొడుగు ఎక్కువగా మూరల్లో ఉంటుంది. అరచెయ్యంత అద్దం దానికి అడ్డమే కాదు. వాగులో పుల్ల నిలబెట్టినట్టు, పక్క నుంచి పోతుంది. వెలుగు అల చానా చిన్నది గనక దానికి ఇదే పెద్ద గోడ."

ఒకే చోట నిలబడి ఒక అలకి కనపడని వస్తువు ఇంకో అలకి గోడ కావడం గురించి వెన్నెల మామూలుగా అయితే రోజంతా మురిసిపోయేది. ఇప్పుడు ఆమె పేరమ్మ చంకలోని సన్నాయినే చూస్తోంది.

పేరమ్మ చెరువు చూసింది, తాత వాచిన పెదవి చూసింది.

"పిట్టలు కుదురుకోవాల. నీడ తిరిగినాక, ఒక్కసారి. ఈసారి ఒక్క రెక్క విదిలించినా ఈ సన్నాయి నా ఇంట్లో ఉట్టెక్కుద్ది."

కొట్టం వాసానికి, తెల్ల గోడ పైభాగాన, అద్దం కట్టారు. మునగచెట్టు కింద కూర్చున్న వెన్నెల మొహం అందులో పడేదాకా పెంచలకృష్ణ దాన్ని వంచుతూనే ఉన్నాడు. "బొట్టు కనపడుతుందా తాతా?" "కనపడుతుండాది." "ముక్కుపుడక?" "నవ్వు కూడా కనపడుతుండాది, ఇంక పక్కకి పో."

నీడలు తూర్పుకి తిరిగాక ఆయన ఊదాడు. వెన్నెలకీ అద్దంలో ఆయన కళ్ళు కనపడుతున్నాయి. అక్కడి నుంచి చూపు ఒక వంపు తిరిగి వస్తోంది, కింద నుంచి పాట ఇంకో వంపు తిరిగి వస్తోంది, రెండూ వచ్చి ఆమె దగ్గరే కలుస్తున్నాయి. పాట తాళి కట్టే వేళకి ఊదే ఉరవడి అందుకుంది. నొప్పికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, స్వరం మాత్రం తొణకలేదు. పెంచలకృష్ణ ఎప్పుడు వచ్చాడో ఆమె పక్కన కూర్చున్నాడు. అందరి ముందే, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చెరువు మీద గూడబాతులు ముక్కులు రెక్కల్లో దోపుకుని కునుకుతున్నాయి.

పాట ముగిసింది. కాసేపటికి గట్టు మీద నుంచి పేరమ్మ నడుం పట్టుకుని వచ్చింది.

"ఇంకా ఎప్పుడు ఎత్తుకుంటారబ్బా? నిలబడి నిలబడి కాళ్ళు పీకుతుండాయి."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయిపోయింది పెద్దమ్మా," అంది వెన్నెల.

"అయిపోయిందా?" పేరమ్మ చెరువు వైపు తిరిగింది, కొట్టం వైపు తిరిగింది. ఆమె పొడుగు మాట పొట్టిదైపోయింది. "నాకు చీమ చిటుక్కుమనలా. నా పెళ్ళి కూడా పిట్టలున్నప్పుడే అయింది. ఈ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళోనే మెట్టినా. పెళ్ళికూతురి పీట మీద కూర్చుని సన్నాయి వినలా."

కొట్టంలోంచి మస్తానయ్య గొంతు వినిపించింది. "ఈ పళ్ళు ఇంకో పాటకి ఓర్చుకుంటాయి తల్లీ. కూర్చో."

"పిట్టల కాపు నాది. నేను కూర్చుంటే గట్టున ఎవురుంటారు?"

వెన్నెల ఆమె భుజం మీది ఎర్ర తువ్వాల తీసుకుంది. తాత సన్నాయి విని ఆమెకి ఇంకా తనివి తీరలేదు. జీవితమంతా తీరేది కూడా కాదు. అయినా పెళ్ళిచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని గట్టు ఎక్కింది.

అక్కడ గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గర అనిపించే కొమ్మ మీద, గూడబాతు పిల్ల ఒకటి తల్లి ముక్కుసంచీలోకి తల దూర్చి మేత వెతుక్కుంటోంది. దాని చిన్న గురగుర కూడా ఆమెకి స్పష్టంగా వినపడుతోంది. వెన్నెల వెనక్కి తిరిగి చూసింది. మునగచెట్టు కింద పేరమ్మ పైటకొంగు రెండు భుజాల మీదుగా నిండుగా కప్పుకుని, పీట మీద నిటారుగా కూర్చుంది. అద్దం వైపు చూస్తోంది. కాసేపు అలాగే బిగుసుకుని ఉంది. తర్వాత ఆమె మొహం మెల్లగా పైకి లేచింది, కళ్ళు మూతపడ్డాయి.

పాట మొదలైందని వెన్నెలకి అలా తెలిసింది.